పవర్‌కు ఒక్క బటన్ చాలదు

టీవీ, సౌండ్ సిస్టమ్ వంటి పలు పరికరాలను ఒక్కటే నడిపే యూనివర్సల్ రిమోట్‌లో బటన్లు మరీ ఎక్కువయ్యాయని మీ వ్యాసంలో రాశారు. నిజమే, కానీ సంఖ్య కన్నా వాటి అమరికే పెద్ద లోపం. సినిమా నడుస్తుండగా చీకట్లో వేలు వెతికేది వాల్యూమ్, మ్యూట్, పాజ్. చాలా రిమోట్లలో వాల్యూమ్, ఛానల్ మీటలు పక్కపక్కనే, ఒకే సైజులో, ఒకే ఎత్తులో ఉంటాయి. తడిమితే తేడా తెలియదు. ఒకదానికి గుంట, ఇంకోదానికి గట్టు పెట్టడం కష్టమా? పైగా రిమోట్ ఏ పరికరం మోడ్‌లో ఉన్నా వాల్యూమ్ రిసీవర్‌కే (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్‌కే) వెళ్లాలి.

అసలు చిక్కు పవర్ దగ్గర. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే టాగుల్ కోడ్ (ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసే సంకేతం) అయితే, టీవీ ముందే ఆన్‌లో ఉన్నప్పుడు మ్యాక్రో (ఒక్క నొక్కుకే పలు ఆదేశాలను వరుసగా పంపే బటన్) నొక్కగానే అది ఆఫ్ అయి, రిసీవర్ మాత్రం ఆన్ అవుతుంది. ఇన్‌పుట్ బటన్‌దీ ఇదే కథ: ఒక్కో నొక్కుకు ఒక్కోటి మారుతూ పోతే మ్యాక్రో ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. చాలా టీవీలు, రిసీవర్లు ఆన్‌కు, ఆఫ్‌కు, ఒక్కో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి విడి కోడ్‌లు అందుకుంటాయి. వాటి సొంత రిమోట్‌పై తరచూ ఆ బటన్లు ఉండవు కాబట్టి లెర్నింగ్‌తో (పాత రిమోట్ సంకేతాన్ని కొత్తదానికి నేర్పడంతో) దొరకవు, అప్పుడు కోడ్ డేటాబేస్ (కోడ్‌ల సిద్ధ జాబితా) నుంచే ఎక్కించాలి. మ్యాక్రోలో పవర్ ఆన్ తర్వాత 5 నుంచి 10 సెకన్ల విరామం పెట్టండి. టీవీ పూర్తిగా లేవకముందే ఇన్‌పుట్ కోడ్ వెళితే అది వృథా.