ఖాళీ కడుపుతో రమ్మన్న ఫుడ్ టూర్ గారికి

పెనాంగ్ స్ట్రీట్ ఫుడ్ టూర్ గారికి నమస్కారాలు.

నిన్న సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా మలేషియా పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్ వీధుల్లో మీ జెండా వెనక నడిచిన తొమ్మిదిమందిలో నేనొకణ్ణి. నా పక్కన చెమటలు తుడుచుకుంటూ నడిచింది కాకినాడ నుంచి వచ్చిన మా బావగారు. "ఖాళీ కడుపుతో రండి" అని మీరు మెసేజ్ పెట్టారు కదా, ఆయన దాన్ని ఏకాదశి నియమంలా పట్టుకుని మధ్యాహ్నం భోజనం మానేశారు. మీరూ మాట తప్పలేదు. ఖాళీ కడుపుతోనే పంపించారు.

తలకి 240 రింగిట్లు, మన డబ్బుల్లో దాదాపు 5,000. పదకొండు రుచులన్నారు. జాజికాయ షర్బత్ ఒక రుచి. గుడిలో తీర్థమైనా ఇంకాస్త ధారాళంగా పోస్తారు. బిస్కెట్ల కొట్టువాడు దారినపోయేవాళ్లందరికీ ఊరికే ఇచ్చే ముక్క ఇంకో రుచి. అసమ్ లక్సా అంటే చింతపండు వేసిన చేపల పులుసులో లావుపాటి బియ్యం నూడుల్స్ అని తెలియగానే బావగారి మొహం వెలిగింది. రెండో చెంచా ముంచేలోపే గిన్నె పక్కవాళ్ల చేతికి వెళ్లిపోయింది.

నాసి కందర్ కొట్టు ముందు పావుగంట నిలబెట్టారు. (నాసి అంటే మలయ్‌లో అన్నం. పేరులోనే నాసి, రకం కాదు.) ఒకప్పుడు తమిళ ముస్లింలు అన్నం, కూరలు భుజాన కర్రకి రెండు వైపులా వేలాడదీసుకుని అమ్మేవాళ్లట, ఆ కర్రే కందర్ అట. కావడి అంటే మాకు ఒక్క ముక్కలో అర్థమయ్యేది. కూర వాసన మాత్రం చూపించి ముందుకి నడిపించారు.

ఇవన్నీ మర్చిపోతాను. ఆ చార్ క్వే తియావ్ ప్లేటు, అదే రొయ్యలు వేసి వేయించిన వెడల్పాటి బియ్యం నూడుల్స్ ప్లేటు, మాత్రం మర్చిపోలేను.

క్యూలో పాతిక నిమిషాలు. మంచి వంటవాడు పెద్ద మంట మీద ఒక్కసారికి ఒక్క ప్లేటే వేయిస్తాడని మీ గైడు చెప్పాడు. ఒప్పుకుంటాను. మా ఊళ్లో పెసరట్టు కూడా ఒక్కొక్కటే వేస్తారు. అంతమాత్రాన తొమ్మిదిమందికి ఒకే అట్టు పెట్టరు! "ఈ ఊరే ఒక ప్లేటు. మలయ్‌లు, చైనీయులు, భారతీయులు, అందరూ ఒకే ప్లేటులో" అని అతను చేతులు చాపి చెబుతుంటే ఏదో పోలిక అనుకున్నాను. మా బల్ల మీదికి నిజంగానే ఒకే ప్లేటు వచ్చింది. తొమ్మిది జతల పుల్లలు. మూడు రొయ్యలు.

ముందు ఫొటోలు. తర్వాత మీరు కానివ్వండంటే మీరు కానివ్వండని మర్యాదలు. జర్మన్ దంపతులకి చెరొక రొయ్య. మూడోదాని వైపు బావగారి పుల్లలు వణుకుతూ బయల్దేరాయి. ఆయనకి పుల్లలతో తినడం నిన్ననే మొదలు. ఈలోగా "వేస్ట్ అవకూడదు కదా" అంటూ గైడే దాన్ని నోట్లో వేసుకున్నాడు.

ఏవయ్యా గైడూ, తొమ్మిది 240లు 2,160. ఆ ప్లేటు పదో పన్నెండో రింగిట్లు ఉంటుంది. ఇంకో రెండు ప్లేట్లు చెప్పడానికి నీకు నోరు రాలేదా? మా గోదావరి జిల్లాలో పిలవని పెళ్లికి వెళ్లినవాడికి కూడా విస్తరి వేసి, వద్దన్నా ఇంకో గరిటె వడ్డిస్తారు. డబ్బు తీసుకుని, ఎండలో తిప్పి, పెద్దాయన చేతి దాకా వచ్చిన రొయ్యని లాక్కుంటావా?

ఎనిమిదిన్నరకి ఆ నాసి కందర్ కొట్టుకే మేమిద్దరం తిరిగెళ్లాం. మూల బల్ల దగ్గర మీ గైడు. జెండా కుర్చీకి ఆనించి ఉంది. మమ్మల్ని చూసి నవ్వి, "బంజిర్ అనండి" అని అరిచాడు. బంజిర్ అంటే వరద. అన్నాం. నాలుగు రకాల పులుసులు అన్నం మునిగేలా పోశారు. నాలుగు గంటల టూర్‌లో చెప్పకుండా, అది అయ్యాక అతను చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే.

బావగారు చెయ్యి ముంచబోతూ ఆగి, అతని బల్ల వైపు చూశారు.

"చూశావా, అతను మాత్రం ఎవరితోనూ పంచుకోవట్లేదు."