'కొనండి' బటన్ గారికి ఒక అద్దెదారు లేఖ

మహారాజశ్రీ 'కొనండి' బటన్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం కూడా చూశాను, తళతళలాడుతూనే ఉన్నారు. లేనిదల్లా నేను మీ చేతుల మీదుగా కొన్న సినిమా ఒక్కటే.

మీకు గుర్తుండదు. 2021లో ఆన్‌లైన్ సినిమాల దుకాణంలో 190 రూపాయలు పోసి మిమ్మల్ని నొక్కాను. అది అమ్మ కోసం. నాన్న పోయాక అమ్మ తనంతట తాను అడిగి చూసే సినిమాలు రెండే, అందులో ఇదొకటి. పెళ్లయిన కొత్తలో తెనాలిలో నాన్న కుర్చీ టికెట్టు కొని చూపించారట. బెంచీ టికెట్టు కాదని అమ్మ ఇప్పటికీ విడిగా చెబుతుంది. అలాంటి సినిమాను అద్దెకు తేవడమేమిటి, సొంతంగా ఉండాలి అనుకున్నాను.

మొన్న అమ్మ వచ్చింది. గుత్తివంకాయ కూరతో భోజనమైంది. దిండు గోడకు ఆనించుకుని కూర్చుని, కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, 'ఊఁ, పెట్టు' అంది. పెట్టాను. పోస్టరు వచ్చింది. దాన్ని నొక్కితే నల్లటి తెర మీద ఒక్క వాక్యం: 'ఈ చిత్రం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.'

మా ప్రాంతం ఎక్కడికీ కదల్లేదండి. నాలుగేళ్లుగా కూకట్‌పల్లిలోనే ఉంది.

"కొన్నానన్నావు కదరా?" అంది అమ్మ.

"కొన్నానమ్మా."

"మరి ఎవరు పట్టుకుపోయారు?"

ఈ ప్రశ్నకు జవాబు కోసం మీ సహాయ కేంద్రంతో గంటా నలభై నిమిషాలు గడిపాను. మొదట ఒక యంత్రం మనిషిలా మాట్లాడింది. తరువాత ఒక మనిషి యంత్రంలా మాట్లాడాడు. 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ఇద్దరూ కలిసి ఆరుసార్లు చింతించారు. చివరికి తేలినదేమిటంటే, నేను కొన్నది సినిమా కాదట, సినిమా చూడడానికి అనుమతి. అదీ మీకు, హక్కుదారులకు మధ్య ఒప్పందం ఉన్నంత కాలమే. ఈ విషయం నిబంధనల్లో ఉందట. 'అంగీకరిస్తున్నాను' అని గడిలో టిక్కు పెట్టింది నేనేనట. పెట్టాను. పెట్టని వాడెవడో చూపించండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

అమ్మకు ఇదంతా చెబితే సావధానంగా విని, "వాడి కొట్టు ఎక్కడ? రసీదు తియ్యి, వెళ్లి అడుగుదాం" అని లేచింది. అప్పటికే చెప్పుల కోసం చూస్తోంది. కొట్టు లేదని ఎలా చెప్పను?

కొనడమంటే ఏమిటో మా అమ్మకు బాగా తెలుసు. ఒకప్పుడు స్టీలు గిన్నె కొంటే, బిల్లు కట్టగానే కొట్టువాడు చిన్న మిషను అందుకుని, గిర్రుమనిపిస్తూ సన్నటి చుక్కలతో పేరు కొట్టి ఇచ్చేవాడు. మొన్న అమ్మ గోంగూర పచ్చడి తెచ్చిన గిన్నె అంచు మీద నాన్న పేరుంది, పక్కన 1983. చుక్కలు సగం అరిగిపోయాయి గానీ వేలితో తడిమితే ఇంకా గరగరమంటాయి. ఆ గిన్నె తోడు పెరుగు కోసం పక్కింటికి వెళ్లింది, ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లింది, ఒకసారి రెండు నెలలు కనబడకుండా పోయి పిన్ని వంటింట్లో తేలింది. పేరుంది గనుక ఇంటికి చేరింది. అమ్మిన కొట్టు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. 'కొట్టు మూసేశాం కాబట్టి గిన్నె ఇచ్చేయండి' అంటూ ఎవరూ మా వంటింట్లోకి రాలేదు.

నా సినిమా మీద పేరు ఎక్కడ కొట్టించాలో చెప్పండి.

మీ పక్కనే నిలబడే మీ తమ్ముడు 'అద్దెకు' గారిని చూసి మీరు నేర్చుకోవలసింది చాలా ఉంది. ఆయన మొహమాటం లేకుండా చెబుతాడు: ముప్ఫై రోజుల్లో మొదలుపెట్టు, మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించు, ఆపైన నీ దారి నీది. ఆయనతో నాకు ఏనాడూ తగువు రాలేదు. మా ఇంటి యజమాని కూడా ఖాళీ చేయమనే ముందు నెల గడువు ఇస్తాడు, రంగుల ఖర్చు కోసుకున్నా అడ్వాన్సులో కొంతైనా చేతిలో పెడతాడు. మీరు ఆ పాటి అద్దె మర్యాద కూడా పాటించకుండా అమ్మకం ధర వసూలు చేశారు.

మీ వంశానికి ఇది కొత్త కాదని తెలుసుకున్నాను. పుస్తకం పరహస్తం గతం గతః అని పెద్దలు వాపోయారు. ఎరువిచ్చిన పుస్తకం తిరిగి రాదని వాళ్ల దిగులు. అమ్మినవాడే వచ్చి పట్టుకుపోతాడన్న సంగతి పాపం వాళ్లకు తట్టలేదు. 2009 జులైలో అమెజాన్, కొన్నవాళ్ల కిండిల్ అనే ఈ-పుస్తకాలు చదివే యంత్రాల్లోంచి జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని చెప్పాపెట్టకుండా చెరిపేసింది. తమ ద్వారా అమ్మినవారికి హక్కులు లేవని తరువాత తెలిసిందట. అందులో ఒకటి '1984', అంటే గిట్టని కాగితాలను ప్రభుత్వమే మాయం చేసే కథ. డబ్బు తిరిగి ఇచ్చారు, అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ కూడా చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు అమ్మిన పుస్తకాలన్నీ వెళ్లిపోయాయి. వాళ్లూ పైకమంతా తిరిగి ఇచ్చారు, పుస్తకాల్లో గుర్తులు, వ్యాఖ్యలు రాసుకున్నవాళ్లకు మరో 25 డాలర్లు కలిపారు. మార్జిన్లలో రాసుకున్న ఆలోచనలకు అదీ ధర. అయినా ఇచ్చారు కదా అని ఇప్పుడు నాకు వాళ్ల మీద గౌరవం పుట్టుకొస్తోంది. మీరు నన్ను అంత దూరం తెచ్చారు.

కాలిఫోర్నియాలో మీ చుట్టాలకు కష్టకాలం వచ్చినట్టుంది. 2025 జనవరి 1 నుంచి అక్కడ, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడకూడదు. మన దగ్గర కేంద్రం 2023 నవంబరులో ఆన్‌లైన్ మాయోపాయాలను పదమూడు రకాలుగా విడదీసి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ జాబితా మొత్తం చదివాను. అందులో మీ పేరు కనబడలేదు. అభినందనలు.

చందా కట్టినా మధ్యలో ప్రకటనలు వేసే మీ బావమరది గురించి, చేరడానికి ఒక్క నొక్కు, మానుకోవడానికి ఏడు తెరలు పెట్టే మీ వియ్యంకుడి గురించి ఇప్పుడు రాయను. వాళ్ల వంతు వాళ్లకు వస్తుంది.

చూడు, సినిమా పోయినందుకు కాదు నా మంట. నీకు 'కొన్నాళ్లు చూడండి' అని పేరు పెడితే ఆ 190 ఇచ్చి నవ్వుతూ వెళ్లేవాణ్ణి. చెరుకు రసం బండివాడు కూడా ఐసు వేస్తే ఐసు వేశానని చెప్తాడు. నువ్వు మాత్రం 'కొనండి' అన్నావు. ఆ మాట నమ్మి నేను అమ్మకు 'ఇది మనది' అని చెప్పాను. నీ అబద్ధాన్ని నా నోటితో చెప్పించావు. నా కోపమంతా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం పక్కింటి ఇంటర్ కుర్రాడు వచ్చి, నా ఫోను తీసుకుని, యూట్యూబ్‌లో అదే సినిమా వెతికి పెట్టాడు. నిర్మాతలే ఎక్కించారట. ఉచితం. బొమ్మ కాస్త వెలిసిపోయింది, ప్రతి పాటకు ముందు ఒక సబ్బు ప్రకటన. అమ్మ చివరిదాకా చూసింది. ఒకచోట కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకుంది. అయిపోయాక నావైపు తిరిగి, "ఊరికే వస్తుంటే డబ్బులెందుకు కట్టావురా?" అని అడిగింది.

ఇట్లు,
మీ కొనుగోలుదారుణ్ణని నాలుగేళ్లు భ్రమపడినవాడు

తా.క.: మీ సహాయ కేంద్రం వారు దయతలచి యాభై రూపాయల కూపను పంపారు. నగదుగా ఇవ్వరట. గడువు వచ్చే బుధవారం. దాన్ని వాడుకోవాలంటే మళ్లీ మిమ్మల్నే నొక్కాలట.