సుత్తికి ఐదొందల డాలర్లా!

అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడికి మూడో ఏడు వచ్చేసరికి లేక్ లేనియర్‌లో సొంత బోటు తిప్పాలనిపిస్తుంది. ఇది రోగం కాదు, ఎదుగుదల. ఇల్లయింది, రెండో కారయింది, ఇక నీళ్ళే మిగిలాయి. మా తోడల్లుడికీ పోయిన వేసవిలో అలాగే అనిపించింది. 22 అడుగుల సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు, ధర 14 వేల డాలర్లు. అంతా సవ్యంగా సాగుతుండగా ఆఫీసులో ఎవరో "కొనే ముందు సర్వే చేయించు" అని అతని చెవిలో ఊదారు.

సర్వే అంటే పొలం గట్ల మీద గొలుసు లాగేది కాదు. సర్వేయరు ఒకాయన వచ్చి, చిన్న సుత్తితో బోటు ఒళ్ళంతా కొట్టుకుంటూ పోతాడు. 'టక్' మంటే గట్టిది, 'డబ్' మంటే లోపల అనుమానం. చెమ్మ కొలిచే మీటరు కూడా ఆనిస్తాడు. అడుగుకి 20, 25 డాలర్ల లెక్కన బిల్లు చేతిలో పెడతాడు. మనవాళ్ళు వీకెండ్ పార్టీల్లో అర్ధరాత్రి దాకా ఫ్రీగా కొట్టే సుత్తికి ఐదొందల డాలర్లు!

ఈ దుబారాను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. తట్టి చూడడం మనకొకరు నేర్పాలా? కొబ్బరికాయని చెవి దగ్గర ఊపుతాం. పుచ్చకాయని తడతాం. బెండకాయ కొన విరుస్తాం. సొరకాయకి గోరు గుచ్చుతాం. అయితే 14 వేల డాలర్ల బోటు దగ్గర ఆ పనులు చేయం. దాన్ని మొహమాటం అంటారు. పెద్దమనిషి ఎదురుగా నిలబడి ఉంటే అతని బోటుని కొట్టి చూస్తామా?

పైగా అమెరికాలో బోటు సర్వేయరు అవడానికి ప్రభుత్వ లైసెన్సు ఏదీ అక్కర్లేదు. సామ్స్, నామ్స్ అని రెండు సంఘాలు మాత్రం పరీక్షలు పెట్టి గుర్తింపు ఇస్తాయి. రెండో పేరు వినగానే మనవాళ్ళ చెయ్యి నుదుటి మీదికి పోతే తప్పెవరిది?

అందుకని సర్వే మేమే చేసుకున్నాం. అమ్మే పెద్దాయన చల్లటి స్వీట్ టీ ఇచ్చాడు. "ఎప్పుడూ షెడ్డులోనే ఉంచాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, అందుకే ఇచ్చేస్తున్నా" అన్నాడు. తోడల్లుడు ఇంజిన్ మూత ఎత్తి, లోపలికి తొంగి చూసి, గంభీరంగా తలాడించాడు. అతను జావా డెవలపర్. నేనూ తలాడించాను. సీట్ల రంగు బాగుందని మరదలు అంది. రిపోర్టు పూర్తయింది.

పూజ దగ్గర చిక్కొచ్చింది. చక్రాల్లేని దానికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలి? ట్రెయిలర్ చక్రాలు ఉన్నాయిగా అని మరదలు తేల్చేసింది. కొబ్బరికాయ మాత్రం బోటుకే కొట్టాలని తోడల్లుడి పట్టు. ముందు వైపు కొడితే గీతలు పడతాయని వెనక్కి వెళ్ళి, ప్రొపెల్లర్ ఉండే ఇంజిన్ కాలు తగిలించి ఉండే గోడకి కొట్టాడు. కాయ పగల్లేదు. 'డబ్' మంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ 'డబ్'. వీడియో కాల్‌లో ఉన్న పంతులుగారు, కాయ ముదరలేదు, ఇంకోటి తెమ్మన్నారు.

రెండు వారాల తర్వాత అసలు సంగతి మెకానిక్ చెప్పాడు. అలాంటి పాత బోట్లలో ఆ గోడకి బయటా లోపలా ఫైబరు, నడుమ ప్లైవుడ్. స్క్రూలు దిగిన చోట సీలు పోతే నీళ్ళు ఏళ్ళ తరబడి చెక్కలోకి ఇంకుతాయి, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక స్క్రూ ఊడదీసి ఆ కన్నంలో స్క్రూడ్రైవర్ పెట్టాడు. పిడి దాకా దిగింది. బయటికి లాగితే కొసన నానిన చింతపండు గుజ్జులాంటిది అంటుకుని వచ్చింది. ఇంజిన్ దింపి గోడ మార్చడానికి ఆరు వేలన్నాడు.

అయినా నా అభిప్రాయం మారలేదు. సర్వే చేయించి ఉంటే ఏమయ్యేది? ధర తగ్గించమని ఆ పెద్దాయన మనసు కష్టపెట్టేవాళ్ళం. లేదా కొనేవాళ్ళమే కాదు. అప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో ఆ ఫొటోలు ఎక్కడివి?

ఇప్పుడు బోటు అమ్మకానికి పెట్టాడు. గోడ మార్పించలేదు గానీ రంగు వేయించాడు. మొన్న శనివారం ఒక కుర్రాడు చూడ్డానికి వచ్చాడట. వెంట ఇంకో మనిషి, అతని చేతిలో చిన్న సుత్తి. తోడల్లుడు గరాజ్‌లోకి వెళ్ళి నాకు ఫోన్ చేశాడు.

"చూడండి అన్నయ్యగారూ, మనిషికి మనిషి మీద నమ్మకం లేకుండా పోయింది. టీ కూడా ఇచ్చానండీ!"