డ్రాగన్ ఎముక, పులుసు కుండ

సింగపూరులో ఉంటున్న మా బావగారికి కొంతకాలంగా నిద్ర పట్టకపోవడానికి కారణం ఆయన గుండెకూ మూత్రపిండాలకూ మధ్య మాటల్లేకపోవడమేనని ఒక చైనా వైద్యుడు తేల్చి చెప్పాడు. ఇది వేళాకోళానికి అన్న మాట కాదు. గుండెలోని అగ్ని కిందికి దిగి మూత్రపిండాలను వెచ్చబరచాలని, మూత్రపిండాల్లోని జలం పైకెక్కి గుండెను చల్లబరచాలని, ఈ రాకపోకలు తెగిపోతే మనసు కుదురు తప్పి మనిషి రాత్రంతా ఇంటికప్పును చూస్తూ గడపవలసి వస్తుందని చైనా సంప్రదాయ వైద్యం ఎప్పటి నుంచో చెబుతూ వస్తున్నదే. అదంతా విన్న మా అక్కయ్య, "ఈ ఇంట్లో నాతో మాట్లాడటానికే ఆయనకు తీరిక లేదు, ఇక వాటికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఒక్క ముక్కలో ఆ సిద్ధాంతాన్ని సమర్థించింది.

సౌత్ బ్రిడ్జి రోడ్డులోని మారియమ్మన్ గుడికి బయలుదేరిన అక్కయ్య అత్తగారిని దింపడానికి వెళ్ళి, ఆ చుట్టుపక్కల సందుల్లోని చైనా మందుల కొట్టులోకి బావగారు పనిలో పనిగా అడుగుపెట్టారు. వైద్యుడు మూడు వేళ్ళతో రెండు చేతుల నాడులూ చూసినప్పుడు అత్తగారు మా ఊరి వైద్యుణ్ణి చూసినంత తృప్తిపడ్డారు గాని, నాలుక చాపమన్నప్పుడు చిక్కొచ్చిపడింది. నాలుక మీది పూత రంగును బట్టి ఒంట్లోని వేడిని అంచనా కట్టే ఆ పద్ధతిలో, బయలుదేరే ముందు అమ్మ చేతి ఫిల్టర్ కాఫీ పుచ్చుకుని వచ్చిన నాలుక ఏ గ్రంథానికీ అందని రంగులో కనబడింది. వైద్యుడు కాసేపు తటపటాయించి, రాత్రి ఏ వేళలో మెలకువ వస్తుందని అడిగాడు. ఒంటి గంటకని చెప్పగానే ఆయన ముఖం వికసించింది. ఒంటి గంట నుంచి మూడింటి దాకా కాలేయానికి చెందిన ఘడియలనీ, రాత్రివేళ ప్రాణశక్తిలో ఒక అంశ కాలేయంలో విశ్రమిస్తుందనీ, అక్కడ దానికి చోటు సరిగా లేక లేచి తిరుగుతున్నదనీ వివరించాడు. సింగపూరులో ఒంటి గంట కొట్టే వేళకే న్యూయార్కు ఆఫీసు వాళ్ళు భోజనాలు ముగించుకుని బావగారికి ఫోను చేస్తారన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత మందులు కట్టే తతంగం మొదలైంది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, చేతిలో వేలాడే పుల్లత్రాసు, బల్ల మీద పరిచిన కాగితాలు. తూచిన దినుసును ఒక్కో కాగితం మీదికి కంటి అంచనాతోనే సమంగా పంచుతూ పోతున్న ఆ కొట్టు మనిషి చేతివాటం చూసి అత్తగారు ముచ్చటపడ్డారు. అందులో సగం ఆవిడకు తెలిసినవే. అతిమధురం ఉంది, దాల్చిన చెక్క ఉంది. మన దిరిసెనకు దగ్గరి చుట్టమైన చెట్టు బెరడు ఉంది. పైన్ చెట్ల వేళ్ళ మీద పెరిగే ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి గడ్డను తెల్లటి ముక్కలుగా కోసి పెడితే ఆవిడ ఎండుకొబ్బరి అనుకున్నారు. హువాంగ్ లియాన్ అనే పచ్చటి వేరును కొరికి చూసి, వేపను మించినది లోకంలో ఇంకొకటి ఉందని ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది స్వాన్ జావో రెన్, అంటే మన రేగు జాతికే చెందిన ఒక పుల్లటి అడవిపండు గింజ. నిద్ర పట్టనివారికి ఈ గింజతో కాచే కషాయం హాన్ వంశపు రాజుల చివరి రోజుల్లో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు చెప్పిన మందు యోగాల్లో ఉంది. 1596లో అచ్చయిన తన మందుల మహాగ్రంథంలో లీ షిజెన్ అనే మరో వైద్యుడు, వేయించిన గింజ నిద్రలేమికనీ, పచ్చి గింజ అతినిద్రకనీ విడమరిచి రాశాడు. అందుకని కొట్టులో వాటిని వేయించి, ఇత్తడి రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఇస్తారు. ఇది తెలిసిన మీదట అత్తగారు ఒక గింజముక్క నోట్లో వేసుకుని, దోరగా వేగలేదనీ, ఇంటికి వెళ్ళాక బాణలిలో తాను మళ్ళీ వేయిస్తాననీ అక్కడికక్కడే ప్రకటించారు. చేదు విరగడానికని పొట్లాలతో పాటు కొసరుగా ఇచ్చిన ఎండుపళ్ళ బిళ్ళలను మాత్రం దారిలోనే పూర్తిచేశారు.

కషాయం కాచడానికి మట్టిపాత్రే కావాలనీ, ఇనుమూ అల్యూమినియమూ పనికిరావనీ కొట్టులో గట్టిగా చెప్పారు. ఇంట్లో ఉన్న మట్టిపాత్రల్లా అత్తగారు విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న పులుసు కుండ ఒక్కటే. కొడుకు నిద్రకన్నా కుండ ఎక్కువా అనుకుని ఆవిడ దాన్ని త్యాగం చేశారు. మూడు గిన్నెల నీళ్ళు ఒక గిన్నె అయ్యేదాకా కాచాలన్నది అక్కడి లెక్క. మన ఆయుర్వేదంలో ఎనిమిదో వంతుకు దించుతారు గదా, మూడో వంతుకే పొయ్యి ఆర్పడం ఒట్టి బద్ధకమని ఆవిడ అభిప్రాయం. దినుసులు అరగంట నానాలి. వేరుగా కట్టి ఇచ్చిన చిన్న పొట్లంలోని తెల్లటి గట్టి పెళ్ళలను ముందుగా మరో అరగంట ఉడికించాలి. ఆ పైన మిగిలినవన్నీ వేసి సన్నని సెగ మీద కాచాలి. నిద్ర కోసం తలపెట్టిన ఆ పని వల్ల రాత్రి పదకొండు దాటినా ఇల్లంతా శివరాత్రి జాగారంలా మేలుకునే ఉంది.

వాసన పట్టుకుని ఎదురింటి ఆంటీ తలుపు తట్టింది. సింగపూరులో వయసు మళ్ళిన ఆడవాళ్ళందరూ ఆంటీలే. లోపలికి వచ్చి, బల్ల మీద పడి ఉన్న చిన్న పొట్లం కాగితాన్ని చదివి, మెచ్చుకోలుగా తల ఊపి, "ఓ, డ్రాగన్ బోన్! వెరీ గుడ్ ఫర్ స్లీప్ లా," అంది.

అత్తగారికి ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా బోన్ అనే మాట తెలుసు. పాకం చూడటానికి అప్పుడే చెంచాడు కషాయం అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలించుకున్న ఆవిడ, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలోనే నిలబెట్టి, కొడుకు వైపు చూశారు.

బావగారు చదువుకున్నవారు కనుక నిజం చెప్పి గట్టెక్కవచ్చని భ్రమపడ్డారు. డ్రాగన్ అనేది లేదనీ, లోంగ్ గూ అంటే లక్షల ఏళ్ళు భూమిలో పడి ఉండి రాయిగా మారిన జంతువుల ఎముకలనీ, ఇప్పుడది సున్నపురాయితో సమానమనీ ఫోనులో చూసి వివరించారు.

"ఏ జంతువులు?" అన్నారు అత్తగారు.

"పూర్వకాలపు గుర్రాలూ, ఖడ్గమృగాలూ, ఏనుగులూ..."

"ఏనుగా! వినాయకుడు రా అబ్బాయీ!"

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కాని విజ్ఞానం ఒకసారి పొంగితే ఆగదు గదా, ఆయన ఈ ఎముకల గొప్పతనం చెప్పబోయారు. చైనాలోని అతి ప్రాచీన లిపి చెక్కి ఉన్న ఎముకలు, తాబేటి చిప్పలు 1899లో పండితుల కంటబడేదాకా డ్రాగన్ ఎముకలుగా మందుల్లోకే పోయేవని చెప్పారు. 1935లో హాంకాంగు మందుల కొట్టులో డ్రాగన్ పళ్ళని అమ్ముతున్న వాటిలో ఒక మహావానరం దంతం దొరికిందనీ, శాస్త్రజ్ఞులు దాని వల్లే ఆ జాతిని గుర్తుపట్టారనీ కూడా చెప్పారు. మహావానరం అన్న మాట వినగానే అత్తగారు రెండు చేతులూ జోడించి, "ఆంజనేయస్వామీ, తెలియక చేసిన తప్పు," అంటూ లెంపలు వేసుకున్నారు. నా ఉద్దేశంలో, ఒకే పొట్లంతో అటు వినాయకుడికీ ఇటు హనుమంతుడికీ అపచారం చేయగలిగిన మందు ప్రపంచ వైద్య చరిత్రలో మరొకటి ఉండదు.

ఆ పొట్లంలో సగం ఆల్చిప్పలని ఆంటీ నెమ్మదిగా బయటపెట్టింది. దాన్ని మాత్రం అత్తగారు సులువుగానే క్షమించారు, ముత్యపుచిప్ప భస్మం మన వైద్యంలోనూ ఉన్నదే గనుక. ఈ సందు చూసుకుని బావగారు ఎదురుదాడికి దిగారు. చిన్నప్పుడు తనకు అరగదీసి నాకించిన గోరోచనం ఏమిటని నిలదీశారు. అది ఆవు పిత్తాశయంలో ఏర్పడే రాయి అనీ, చైనావాళ్ళు కూడా మనసు నెమ్మదించడానికి దాన్నే వాడతారనీ అన్నారు. "అది గోవు," అన్నారు అత్తగారు, ఆ ఒక్క మాటతో వాదం ముగిసినట్లుగా. నిజానికి ముగిసింది కూడా.

ఈ సంవాదం జరుగుతున్నంతసేపూ కుండ సంగతి ఎవరికీ పట్టలేదు. మూడు గిన్నెలు ఒకటయ్యాయి, ఒకటి ఎనిమిదో వంతయింది, ఆ పైన ఏమీ మిగలలేదు. వంటింట్లోంచి నల్లటి పొగ వచ్చేసరికి అక్కయ్య పరుగెత్తి, కాగిపోతున్న కుండలో చెంబుడు చన్నీళ్ళు గుమ్మరించింది. టప్పుమని కుండ అడుగు దాకా నెర్రె ఇచ్చింది. మాడిన మందు తాగకూడదు, పారేయాలి అని ఆంటీ చెప్పింది గాని, తాగడానికేమీ లేదు. కుండ మైలపడిందా, సంప్రోక్షణ చేస్తే సరిపోతుందా అన్న ప్రశ్న కూడా దానితోపాటే పగిలిపోయింది. సరిగ్గా ఒంటి గంటకు న్యూయార్కు నుంచి ఫోను వచ్చింది. కాలేయపు ఘడియల్లో బావగారు కళ్ళు మండుతుండగా లాప్‌టాపు తెరిచారు.

కాచిన మందు పిప్పిని దారిలో పోస్తే నడిచేవాళ్ళ కాళ్ళ వెంట రోగం పోతుందని చైనాలో పాత నమ్మకం ఉందట. ఆంటీ నోట ఆ మాట వినగానే అత్తగారికి చైనా వైద్యం మీద పోయిన గౌరవం తిరిగి వచ్చింది. దిష్టి తీసినవి నాలుగు వీధుల కూడలిలో పడేయడం మనకు మాత్రం కొత్తా? పెంకులూ పిప్పీ మూటకట్టి లిఫ్టు దాకా వెళ్ళిన ఆవిడను, సింగపూరులో వీధిలో చెత్త వేస్తే పడే జరిమానా ఎంతో చెప్పి అక్కయ్య వెనక్కి తీసుకువచ్చింది.

మర్నాడు బావగారు కొట్టుకు వెళ్ళి జరిగినదంతా చెప్పుకుంటే, వైద్యుడు సానుభూతితో విని, ఇవే దినుసుల సారాన్ని పొడిగా చేసి పొట్లాల్లో అమ్ముతారనీ, వేణ్ణీళ్ళలో కలుపుకుంటే చాలుననీ సెలవిచ్చాడు. మరి మొదటే ఎందుకు చెప్పలేదని అడిగితే, మీ అమ్మగారు ప్రతి దినుసునూ కొరికి చూస్తుంటే, మీ ఇంట్లో ముడిదినుసు మీదే నమ్మకం కాబోలనుకున్నానన్నాడు. బావగారు ఆనందంగా ఆ పొడి పొట్లాలు ఇంటికి తెచ్చారు. అత్తగారు ఒకదాన్ని విప్పి, దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి మడిచేశారు.

"ముక్కలుగా ఉంటే ఎముక ఏదో ఏరి పారేసేదాన్ని," అన్నారు, "ఇందులో ఎక్కడని వెతకమంటావురా?"