ఆకుపచ్చ శాలువా కప్పుకున్న కాంక్రీటు గారికి

మహారాజశ్రీ కాంక్రీటు గారి సముఖానికి,

నమస్కారాలతో విన్నవించునది. పర్యావరణానికి మేలు చేసే నిర్మాణ సామగ్రి అంటూ ఈ మధ్య తమరికి వరుసగా జరుగుతున్న సన్మానాలను చూసి సంతోషిస్తున్నాను. నీటి తర్వాత మానవజాతి అత్యధికంగా వాడుకునే పదార్థం తమరే కనుక, తమరిని పొగడకుండా ఉండే స్వాతంత్ర్యం మాకెలాగూ లేదు. అయితే సన్మానపత్రం చదువుతుంటే కొన్ని వాక్యాల దగ్గర సందేహాలు కలిగాయి. వాటిని చాటుగా అనుకోవడం కన్నా తమరికే రాయడం మర్యాద అనిపించింది.

ఒప్పుకోవలసినవి ముందే ఒప్పుకుంటాను. తమరు నిప్పుకు అంటుకోరు, చెదకు లొంగరు, తడిస్తే కుళ్లరు. పగటి వేడిని బరువైన ఒంట్లో దాచుకుని రాత్రికి మెల్లగా వదులుతారు కాబట్టి, రాత్రిపూట చల్లగాలి ఆడేలా కట్టిన ఇంట్లో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరగదు, తరగదు. (గాలి ఆడని ఇంట్లో అదే వేడిని పడుకున్నవారి నెత్తిన కుమ్మరిస్తారన్న సంగతి సన్మానపత్రంలో లేదు, చోటు చాలలేదేమో.) తమరి బరువులో సిమెంటు 10 నుంచి 15 శాతమే, మిగిలినదంతా కంకర, ఇసుక, నీరు. అందుచేత కిలోకు కిలో లెక్కవేస్తే ఉక్కు కన్నా తమరి పాపం ఎంతో తక్కువ అన్న మాట నిజమే. కాకపోతే తమరిని కిలోల లెక్కన వాడేవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

చిక్కంతా ఆ 10, 15 శాతం దగ్గరే ఉంది. సున్నపురాయిని, మట్టిని కలిపి బట్టీలో సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ దాకా కాలిస్తే గాని సిమెంటుకు మూలమైన క్లింకరు తయారు కాదు. మంటకు బొగ్గు మానేసి సూర్యరశ్మినే వాడినా, రాయిలో బందీగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రాక మానదు. వెయ్యి కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి సున్నంగా మారేటప్పుడు దాదాపు 440 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. ప్రపంచం ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారు చేస్తోంది. మనుషుల పనుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం ఆ ఖాతాలోదే.

దీనికి తమరి అభిమానులు చెప్పే జవాబు నాకెంతో నచ్చింది. వదిలిన వాయువును తమరు జీవితకాలమంతా తిరిగి పీల్చుకుంటూనే ఉంటారట. పీల్చుకుంటారు, కాదనను. పైపొర నుంచి లోపలికి, అతి నెమ్మదిగా, వదిలినదానిలో కొంత భాగం మాత్రం. అయితే తమరి ఒంట్లోని క్షారగుణమే లోపలి ఇనుప ఊచలకు తుప్పు పట్టకుండా కాపలా కాస్తుందని, పీల్చుకున్న వాయువు ఆ క్షారగుణాన్నే హరిస్తుందని, ఆ మార్పు ఊచల దాకా చేరాక తేమ తోడైతే అవి తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులు ఊడదీస్తాయని మాత్రం వారు చెప్పరు. ఏ పనితో ప్రకృతి రుణం తీర్చుకుంటున్నారో ఆ పనితోనే స్లాబు ఆయుష్షు కూడా తీరుతోందన్నమాట. పైగా కూల్చి ముక్కలు చేశాక గాలి తగిలే మేర పెరుగుతుంది గనుక మరింత చురుగ్గా పీలుస్తారు. బతికినన్నాళ్ల కన్నా పోయాకే ఎక్కువ పుణ్యం గడించే యోగం ఎందరికి పడుతుంది!

మన్నిక మాట వస్తే తమరు రోము నగరంలోని పాంథియన్ అనే ప్రాచీన ఆలయపు గుమ్మటాన్ని చూపిస్తారు. 43 మీటర్ల వెడల్పున్న ఆ గుమ్మటం దాదాపు 1,900 ఏళ్లుగా నిలబడి ఉంది. కానీ ఆ పెద్దాయన కాంక్రీటులో ఇనుప ఊచలు లేవు. అందులో ఉన్నది సున్నమూ, అగ్నిపర్వతపు బూడిదా. తమరో, 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు సంతానం. ఇనుమును ఒంట్లో పెట్టుకున్నవారు. ఆ రెండింటి కలయికకు 1867లో పేటెంటు తీసుకున్న తొలివారిలో ఒకరైన జోసెఫ్ మోనియే తోటమాలి, ఆయన తలపెట్టినవి మొక్కల తొట్లు. ముత్తాత ఆయుష్షు చూపించి మనవడికి బీమా అడిగినట్టుంది తమరి వాదన.

సిమెంటులో కొంత తగ్గించి ఫ్లై యాష్, స్లాగ్ కలుపుతున్నామని కూడా పత్రంలో రాశారు. మంచిదే. కానీ మొదటిది బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద, రెండోది ఇనుము కరిగించే కొలుముల చిట్టెం. ఆ పొగ గొట్టాలు చల్లారాలని కోరుకుంటూనే వాటి బూడిద తరగకూడదని ప్రార్థించవలసిన ఇరకాటంలో మమ్మల్ని పెట్టారు. వాటికన్నా కాల్చిన బంకమట్టిని, కాల్చని సున్నపురాయి పొడిని కలిపి క్లింకరును సగానికి తగ్గించే ఎల్‌సీ3 సిమెంటు మీద నాకు గురి ఎక్కువ. ఆ మట్టికి సుమారు 800 డిగ్రీల వేడి చాలు, ఉద్గారాలు 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతాయి. శాలువా దానికి కప్పి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

ఇంతా రాశాక ఒకటి చెప్పకపోతే అన్యాయం. వందేళ్లు నిలవగల స్తంభాన్ని, కింద కార్లు పట్టడం లేదనో, ముఖద్వారం పాతబడిందనో ముప్పై ఏళ్లకే కూల్చేది తమరు కాదు, మేమే. పోసిన నాడే గాలిలో కలిసిన వాయువును వందేళ్లకు బదులు ముప్పై ఏళ్లకు పంచితే ఏటి వాటా మూడింతలు దాటుతుంది. కూల్చిన శిథిలాలను రోడ్డు కింద పరిచి, వాటికి పునర్వినియోగం అని పేరు పెట్టి, ఆ పక్కనే కొత్త సిమెంటుతో కొత్త స్తంభం లేపి, దానికి ఆకుపచ్చ ధ్రువపత్రం కూడా తగిలిస్తాం. కనుక శాలువాను ప్రస్తుతానికి మడతపెట్టి ఉంచమని, తమరి నూరో పుట్టినరోజున కప్పమని సన్మాన సంఘానికి విడిగా రాస్తున్నాను.

ఇట్లు,
తమరి స్లాబు కింద తలదాచుకుంటున్న ఒక విధేయుడు

తా.క.: ఈసారి తమరిని కలిపేటప్పుడు, పోయడానికి జారుడుగా ఉంటుందని మేస్త్రి లెక్కకు మించి నీళ్లు పోయబోతే దయచేసి ఒప్పుకోకండి. ఆ అదనపు నీరు తరవాత ఆరిపోయి వదిలివెళ్లే సన్నని రంధ్రాల గుండానే పైన చెప్పిన వాయువు ఊచల దగ్గరికి నడిచి వెళుతుంది.