17 అడుగులదా, 14 అడుగులదా?

సూర్యలంక సముద్రంలో తిరగడానికి ఒక సీ కయాక్ (లోపల కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కొనాలని విజయవాడలో ఒక అక్కాతమ్ముడు అనుకున్నారు. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగారు. ఒకటి సెకండ్ హ్యాండ్ ఫైబర్‌గ్లాస్‌ది, 17 అడుగుల పొడవు, 21 అంగుళాల వెడల్పు. ఇంకోటి కొత్త ప్లాస్టిక్‌ది, 14 అడుగులు, 24 అంగుళాలు. భవానీపురంలో అక్క ఇంటి డాబా మీద మాట మొదలైంది.

తమ్ముడు: పొడుగ్గా ఉంటే వేగం అక్కా. 17 అడుగులదే తీసుకుందాం.

అక్క: ఎంత వేగం రా? నీళ్లలో ఆనే పొడవుని అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.34తో గుణించు. పడవ సుమారుగా ఎన్ని నాట్ల దాకా పోగలదో వస్తుంది. నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్ల వేగం. పెద్దదానికి పదిహేనున్నర అడుగులు ఆనుతుందనుకో, 5.3. చిన్నదానికి 13 అనుకో, 4.8. తేడా అర నాట్, అంటే గంటకి కిలోమీటరు కూడా కాదు. అయినా మనం 3, 4 నాట్లు దాటి ఎంతసేపని తెడ్డు వేయగలం?

తమ్ముడు: సరే, వేగం వదిలెయ్. తిన్నగా పోవద్దా? మధ్యాహ్నం నేల వేడెక్కితే సముద్రం మీంచి గాలి లేస్తుంది. పొట్టి పడవైతే ముక్కు ఊరికే పక్కకి తిరుగుతుంది. దాన్ని సరిచేసుకోవడానికే సగం ఓపిక పోతుంది. ఇంకోటి, 21 అంగుళాలది నిలవ నీళ్లలో ఊగుతుంది గానీ, అల మీద పక్కకి ఒరిగాక అక్కడ నిలబడుతుంది. వెడల్పుది అలతో పాటే వాలుతుంది.

అక్క: అలల సంగతి నువ్వన్నది నిజమే. గాలికి మాత్రం కొత్తదాని అడుగున స్కెగ్ అని చిన్న రెక్క ఉంది, దించుకుంటే ముక్కు తిరగకుండా పట్టి ఉంచుతుంది. కానీ నాకు భయం బోల్తా పడ్డాక సంగతి. నిన్న ఆ పాత పడవలోకి టార్చ్ వేసి చూశాను. వెనక అడ్డగోడ ఉంది, ముందు లేదు. కాళ్లు పెట్టే చోటు నుంచి ముక్కు దాకా ఒకటే గది. బోల్తా పడితే అదంతా నీళ్లే. ముక్కు కిందికి దిగుతుంది, తోక పైకి లేస్తుంది, చేతి పంపుతో ఎంతసేపు తోడతావు? కొత్తదానికి రెండు వైపులా గోడలున్నాయి, మూతలు బిగుతుగా ఉన్నాయి. మనం కూర్చునే చోటే నిండుతుంది. తెడ్డు చివర గాలి సంచీ తగిలించుకుని, దాని మీద బరువు వేసి మళ్లీ ఎక్కొచ్చు. వెడల్పు ఉంది కాబట్టి ఎక్కేటప్పుడు రెండోసారి తిరగబడే భయం తక్కువ. ఒడ్డుకి అర కిలోమీటరు దూరంలో ఒంటరిగా నీళ్లలో ఉన్నప్పుడు ఇంకేం అక్కరకొస్తుంది చెప్పు?

తమ్ముడు: ముక్కులో గాలి సంచులు కుక్కితే నీళ్లకి చోటే ఉండదు.

అక్క: సామానుకీ ఉండదు. రాత్రి ఒడ్డున టెంట్ వేస్తానన్నది నువ్వే.

తమ్ముడు: నాకు ఈత రాదనుకుంటున్నావా? బందరు కాలవలో నేర్చుకున్నాను.

అక్క: నేర్పింది నేను! మొదటి రోజు మెట్టు వదలకుండా ఏడ్చావు.

తమ్ముడు: నువ్వు చెప్పకుండా తోసేశావు కాబట్టి ఏడ్చాను. నాన్న ఆ రోజు తిట్టింది నిన్ను, నన్ను కాదు. పాత సంగతులు ఎందుకు గానీ, దీనికి జవాబు చెప్పు. మే నెలలో మన కారు పైకప్పు మీద చెయ్యి పెట్టగలమా? ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, బెల్టులు బిగించిన చోట సొట్ట పడుతుంది. ఫైబర్‌గ్లాస్‌కి చిల్లు పడితే ఫైబర్‌గ్లాస్ గుడ్డ, గట్టిపడే జిగురు రెజిన్ తెచ్చుకుని ఇంట్లోనే వేసుకోవచ్చు. ప్లాస్టిక్ చీలితే అంత తేలిగ్గా అతకదు. రాళ్లకి తట్టుకుంటుందంటావు, సూర్యలంకలో అంతా ఇసకే కదా!

అక్క: ఇది మాత్రం గట్టి మాటే. నీడన పెట్టుకోవాలి, బెల్టులు మరీ బిగించకూడదు, అంతకు మించి నేనేం చెప్పలేను. కానీ మన కారు నాలుగు మీటర్ల లోపు, నీ పడవ 5.2 మీటర్లు. దాన్ని బాపట్ల దాకా ఎలా తీసుకెళ్తావో ఆలోచించావా?

తమ్ముడు: ముందూ వెనకా తాళ్లు కట్టి, ఎర్ర గుడ్డ వేలాడదీసి.

అక్క: సరే, డబ్బు కట్టక ముందు అమ్మేవాళ్లని అడిగి రెండూ కృష్ణలో దింపిద్దాం. బ్యారేజీ పైన నిలవ నీళ్లే. లైఫ్ జాకెట్ వేసుకుని కావాలనే బోల్తా కొట్టు, నేను పక్కనే ఉంటాను. మూడుసార్లకి రెండుసార్లు నీ అంతట నువ్వు ఎక్కితే ఆ పాతదానికే డబ్బు కడతాను.

తమ్ముడు: ముందు గోడ పెట్టించడానికి ఎంతవుతుందో కూడా కనుక్కుంటాను.