మా పూల్ షీటు గారికి, ఎంవీపీ కాలనీ నుంచి

షీటు గారూ,

మీరు స్ప్రెడ్‌షీటు రూపంలో మా ల్యాప్‌టాప్‌లో కాపురం పెట్టి ఒక ఐపీఎల్ సీజన్ పూర్తయింది కాబట్టి ఈ ఉత్తరం. మా పూల్ సంగతి మీకు తెలుసు, 12 మందిమి, మ్యాచ్ మొదలయ్యేలోపు గెలిచే జట్టు పేరు రాయాలి, సరిపోతే ఒక పాయింటు. డబ్బుల్లేవు. లీగ్ అయ్యాక అడుగున మిగిలినవాడు ఆర్కే బీచ్‌లో అందరికీ మురీ మిక్చర్ కొనిపెట్టాలి, అంతే.

ఇదివరకు తోచిన పేరేదో రాసేవాణ్ణి. మీరొచ్చి జ్ఞానబోధ చేశారు. అందరూ రాసిన పేరే నువ్వూ రాస్తే అది గెలిచినా వాళ్లని దాటలేవు, గెలిచే అవకాశం ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు జనం ఎగబడ్డ జట్టుని వదిలేసి రెండోదాన్ని పట్టుకో అన్నారు. లెక్కలో తప్పు లేదండీ, అదే నా బాధ.

2025 మార్చి 24, మధురవాడ స్టేడియం, ఢిల్లీ-లక్నో. ఢిల్లీకి ఆ రోజు వైజాగే సొంతూరు కదా, మావాళ్లు 10 మంది కళ్లు మూసుకుని ఢిల్లీ రాశారు. అభిమానం పొంగిన చోట లాభం అవతలి ఒడ్డున ఉంటుందని మీరన్నారు, నేను లక్నో రాశాను. లక్నో 209 కొట్టింది, ఢిల్లీ 65కే 5 వికెట్లు. గ్రూపులో నేను ఎన్ని నవ్వు బొమ్మలు పెట్టానో! తర్వాత ఢిల్లీ తరఫున ఆ అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66, ఆఖరి ఓవర్లో లక్నో కీపర్ పంత్ చేతిలోంచి స్టంపింగ్ జారిపోవడం, ఒక్క వికెట్ తేడాతో ఢిల్లీ. నా బొమ్మలన్నీ నాకే తిరిగొచ్చాయి.

ఒక్క మ్యాచ్‌తో ఏం తేలుతుంది అన్నారు. నిజమే. మ్యాచ్‌కి 60 శాతం చొప్పున సరిగ్గా చెప్పే మొనగాడికైనా 70 లీగ్ మ్యాచ్‌ల్లో 42 వస్తాయి, అదృష్టం అటో ఇటో ఓ 4 లాగుతుంది (మా తోడల్లుడు ఆ నాలుగునీ ప్రతిభ అంటాడు, అననివ్వండి). కాబట్టి నాకు 31 ఎందుకొచ్చాయని నిలదీయను.

అడిగేది ఇదీ. జనానికి ఎదురెళ్లేవాడు పైకైనా పోతాడు, అడుక్కైనా పోతాడు, మందలో నడిచేవాడు మధ్యలో పడుంటాడు. మా పూల్‌లో మొదటివాడికి చప్పట్లు తప్ప ఇచ్చేదేమీ లేదు, తప్పించుకోవాల్సింది అడుగు స్థానం! అంటే నేను బుద్ధిగా అందరితో పాటు ఢిల్లీ రాసి కూర్చుంటే చాలన్నమాట. ఇన్ని గడులున్నాయి మీలో, పందెం ఏమిటని అడిగే గడి ఒక్కటి లేదే?

ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్తున్నాం. నాతో కలిపి 12 పొట్లాలు, నిమ్మకాయ ఎక్కువ పిండమంటాను. మిమ్మల్ని లెక్కలో కలపలేదు.